దఖలు దస్తావేజులో ఒక వాక్యము

మా మేనత్త తన యింటిని కుమారునికి దఖలు పరచిననాడు సాక్షి సంతకములు చేసిన యిద్దరిలో నేనొకడను. స్థిరాస్తిని దానమిచ్చుటకు రిజిస్టరు దస్తావేజు, ఇద్దరు సాక్షులు ఉండవలెనని శాసనము. లేఖరి తన అలవాటు చొప్పున “ప్రేమాభిమానములచేత” అని మొదలుపెట్టి, “నేటినుండి సర్వహక్కులతో అనుభవించవలయును” అని ముగించెను. తల్లి పోషణను గూర్చి అందులో ఒక్క మాట లేదు. నేను చదివియు లోపమును గుర్తింపలేదు. తల్లీకొడుకుల నడుమ షరతులేమి యనుకొంటిని. అది 2016వ సంవత్సరము.

నాలుగేండ్లు నిండకమునుపే ఆమె మంచము వెనుక వసారాలోనికి మారినది. మందుల చీటీ వారములకొలది అల్మారాలోనే పడియుండెడిది. ఎవరును కొట్టలేదు, తిట్టలేదు, ఊరక మరచిపోయిరి. ఫిర్యాదు చేయుదమని నేనన్నప్పుడు, “కన్నకొడుకు మీద కాయితం పెట్టమంటావురా? పోయిన మీ మామయ్య పరువేం కాను?” అని ఆమె కంట తడి పెట్టుకొనెను. ఈ ప్రశ్నకు నా చదువులో జవాబు దొరకలేదు. శాసనములో ఏమున్నదో మాత్రము వెదకితిని.

వృద్ధులైన తల్లిదండ్రుల పోషణభారము సంతానముదేనని 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము చెప్పుచున్నది. వివాహమైన కుమార్తెకును ఈ బాధ్యత కలదని 1987లో సుప్రీంకోర్టు, క్రిమినల్ ప్రొసీజరు కోడు 125వ సెక్షనును విచారించుచు తీర్పు చెప్పినది. 2024 జులై 1 నుండి ఆ సెక్షనుకు బదులు భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షను అమలులోనికి వచ్చినది. అయితే వాయిదాల వెంట తిరుగు ఓపిక డెబ్బదియేండ్ల మనిషికి ఎక్కడిది? ఆ కష్టమును తగ్గించుటకే 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము చేయబడినది.

దీని క్రింద దరఖాస్తును కోర్టులో గాక, మన ప్రాంతములలో రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షతన గల ట్రిబ్యునలులో ఇచ్చుకొనవలెను. నడవలేనివారు మరియొకరికి అధికారమీయవచ్చును. ఎవరును రాకున్నను ట్రిబ్యునలు తనంత తానే విచారణ చేపట్టవచ్చును. నోటీసు అందిన 90 దినములలో తేల్చవలెను. తప్పనిసరియైన 30 దినములు పొడిగింపవచ్చును. ఈలోపల మధ్యంతర భత్యము కలదు. సంతానము లేని వృద్ధులు తమ ఆస్తికి వారసులగు బంధువులను అడుగవచ్చును. మనోవర్తి నెలకు 10,000 రూపాయలకు మించరాదని చట్టము. ఈ పరిమితిని తొలగింప 2019లో లోక్‌సభకు వచ్చిన బిల్లు చట్టము కాకయే 2024లో ఆ సభతోపాటు ముగిసినది. 2007లో ఆ పదివేలకుండిన విలువ ఎంత, నేటి మందుల ఖర్చు ఎంత! ఇంటింటి లెక్క శ్రోతలకే తెలియును.

ఇక అసలు సంగతి 23వ సెక్షను. చట్టము అమలులోనికి వచ్చిన పిదప, తనకు కనీస వసతులు, అవసరములు తీర్చవలెనను షరతుతో వృద్ధులు ఆస్తినిచ్చి, పుచ్చుకొన్నవారు ఆ షరతు తప్పినచో, ఆ బదిలీ మోసముచేతనో బలవంతముచేతనో జరిగినట్లు భావించి, ఇచ్చినవారు కోరినచో రద్దు చేయవచ్చును. షరతు ఉన్నట్లు రుజువు కావలెనని 2022లో సుప్రీంకోర్టు అన్నది. 2025 జనవరిలో వచ్చిన మరొక తీర్పు, ఈ చట్టమును వృద్ధుల మేలుకోరి ఉదారముగా అన్వయింపవలెనన్నది. కాని ఆ కేసులో కుమారుడు తల్లిని పోషింతునని వ్రాసియిచ్చిన కాగితము ఉన్నది. మా మేనత్తకు అట్టి కాగితమేదియు లేదు.

కోడలి పక్షమునను ఒక మాట చెప్పవలెను. వృద్ధుల చట్టమును అడ్డుపెట్టుకొని ఆమె నివాసహక్కును త్రోసివేయరాదని 2020లో అదే కోర్టు నిర్ణయించినది. న్యాయమే. మా వదిన సంగతి తలచుకొన్నను, ముగ్గురు పిల్లలతో ఆమె ఎక్కడికి పోవును?

చివరకు 2021లో మా మేనత్త నా పేర అధికారపత్రముపై వ్రేలిముద్ర వేసెను. రాజీ అధికారి ఎదుట మా బావ తల యెత్తలేదు. నెలనెల కొంత సొమ్ము ఇచ్చుటకును, ముందుగదిని తిరిగి అమ్మకిచ్చుటకును ఒప్పుకొనెను. ఇల్లు మాత్రము అతని పేరనే యున్నది. ఇంట నోరు విప్పలేనివారికి 14567 అను ఉచిత టెలిఫోను కలదని ఆ కార్యాలయముననే తెలిసినది.

గత మాసమున మరొక బంధువు దస్తావేజునకు సాక్షిగా పిలిచిరి. “దాత జీవించియున్నంతకాలము ఈ యింటనే నివసించుటకును, దానగ్రహీత ఆమెకు భోజనము, వస్త్రములు, వైద్యము సమకూర్చుటకును ఒప్పుకొన్న షరతు మీద” అను మాటలు చేర్చుమని లేఖరిని కోరితిని. ఆయన టైపు ఆపి, “ఇంట్లోవాళ్ల మధ్య ఇవన్నీ ఎందుకండీ?” అనెను. చేర్చుమంటిని. ఆస్తి పుచ్చుకొను కుమారుడు ఆ వాక్యమును రెండుమారులు చదివెను. అతడు సంతకము చేయువరకు ఆగి, పిదప నేను చేసితిని.