మొర - వినికిడి



మడుగులో మొసలి నోటికి చిక్కిన గజేంద్రుడు ఏ దేవతనూ పేరుపెట్టి పిలువలేదు. ఈ జగత్తుకు మూలమైనవాడెవడో అతడే తనకు దిక్కన్నాడు. బ్రహ్మాది దేవతలకు ఆ మొర వినబడింది. తమతమ నామరూపాభిమానంలో ఉన్నవారు కనుక కదలలేదు. అంతటా తానైనవాడు కదలివచ్చాడు.

ఈ ఘట్టం వద్దకు వచ్చినప్పుడల్లా నాకు నడిసముద్రంలో ఓడలు వైర్‌లెస్ తంతి ద్వారా పంపిన ఆపద సంకేతం స్ఫురిస్తుంది. పురాణానికీ దీనికీ పొత్తేమిటని నవ్వకండి.

1906లో బెర్లిన్ నగరంలో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఎస్.ఓ.ఎస్. సంకేతాన్ని నిర్ణయించింది. మూడు చుక్కలు, మూడు గీతలు, మరల మూడు చుక్కలు, నడుమ ఎడముండదు. ఆ అక్షరాలకు ఏవేవో అర్థాలు చెబుతారు గాని అవన్నీ తరువాత కల్పించినవి. ఎంత రొదలోనైనా చెవి పోల్చుకొనగలదనే దానిని స్వీకరించారు. అది ఏ ఒక్క ఓడనూ ఉద్దేశించి వెళ్ళదు. వినినవాడెవడో వానిదే ఆ పిలుపు.

1912 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి 11 గంటల 40 నిమిషాలకు టైటానిక్ ఓడ మంచుకొండను ఢీకొన్నది. జాక్ ఫిలిప్స్ అనే యువకుడు అర్ధరాత్రి దాటినది మొదలు తంతిమీట నొక్కుతూనే ఉన్నాడు. సమీపంలోనే కాలిఫోర్నియన్ అనే ఓడ మంచు మధ్య ఆగి ఉన్నది. అందులో తంతి వినేవాడు ఒక్కడే. ఆ రాత్రి అతడు మంచు సంగతి తెలుపబోగా, తాను పనిలో ఉన్నాననీ, అడ్డురావద్దనీ చెప్పినది ఈ ఫిలిప్సే! అతడు పదకొండున్నర ప్రాంతాన యంత్రం ఆపి నిద్రపోయాడు. అతని తప్పేమున్నది? పగలంతా పనిచేసినవాడు.

58 నాటికల్ మైళ్ళ దూరాన కార్పేథియాలో హెరాల్డ్ కాటమ్ కూడా పడుకొనబోతున్నాడు. చెవులకు తగిలించుకొన్న యంత్రం ఇంకా తీయలేదు, అంతే. ఆ ఓడ తెల్లవారుజామున నాలుగు గంటలకు చేరి, పడవలలో ఉన్న 700 పైచిలుకు ప్రాణాలను కాపాడింది. దాదాపు 1,500 మంది అప్పటికే జలగతులైనారు. ఫిలిప్స్ వారిలో ఒకడు.

రాత్రింబవళ్ళు వినేవాడుండాలని 1914 నాటి లండన్ ఒడంబడికలో వ్రాసుకొన్నారు. తరువాతి కాలంలో మరొక నియమం వచ్చింది. ఓడలలోని తంతిగది గడియారం ముఖం మీద 15 నుండి 18, 45 నుండి 48 నిమిషాల వరకు ఎర్రరంగు వేసేవారు. ముల్లు ఆ ఎరుపులోకి రాగానే, ఆపద కేటాయింపైన 500 కిలోహెర్ట్‌జ్ మీద అందరూ తమ సంభాషణ ఆపి వినాలి. ఎక్కడో ఒక బలహీనమైన మొర ఉంటే వినబడాలి కదా! గంటకు రెండు పర్యాయాలు సముద్రమంతా మౌనం. మనం జపానికి కూర్చున్నప్పుడైనా మూడు నిమిషాలు అట్లా ఉండగలమా? నావల్ల కాలేదు.

1999 ఫిబ్రవరి 1 నుండి ఉపగ్రహాలతో కూడిన కొత్త ఏర్పాటు పూర్తిగా అమలులోకి వచ్చి, ఓడలలో ఆ తంతిగదులు మూతపడ్డాయి.

గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్న మహారాజు. మౌనంలో మునిగి, ఎదుటికి వచ్చిన అగస్త్యమహర్షిని గుర్తించలేదు. మౌనమే అతనికి శాపకారణమెట్లా అయినదో రేపటి సాయంత్రం చెప్పుకొందాం.