నిజం తనంతట తాను గెలవదు
(వరంగల్లులో గ్రామ కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ఉపన్యాసం)



సర్కారు ముద్రల మీద ఉండే మాటల గురించి చెప్పమన్నరు. ఇది చదువుకున్నోళ్ల ముచ్చట, కూలి నాలి చేసుకునేటోళ్లకు ఎందుకు అనుకోకండి. మీ జేబులో ఉన్న రూపాయి బిళ్ల తీసి చూడండి. సింహాల బొమ్మ కింద సన్నటి అక్షరాలు ఉన్నయి. సర్కారు కాయితాల మీద, కచేరీల గోడల మీద కూడా అవే అక్షరాలు. ‘సత్యమేవ జయతే.’ అంటే సత్యమే గెలుస్తుంది అని.

చాలా రాజ్యాలు తమ ముద్ర కింద ఒక మాట రాసుకుంటయి. అది ఆ రాజ్యం జనానికి రాసిచ్చిన ప్రామిసరీ నోటు లాంటిది. నోటు చేతికి వచ్చినప్పుడు మనం ఏం చూస్తం? రాసింది ఎవరు, ఏ భాషలో రాసిండ్రు, బాకీ తీర్చిండ్రా లేదా. ఈ ముద్ర మాటను కూడా ఆ మూడు లెక్కలతోనే చూద్దాం.

మొదటిది, రాసింది ఎవరు? 1950 జనవరి 26న, రాజ్యాంగం అమలులోకి వచ్చిన రోజునే, ఈ ముద్ర దేశానికి అధికార ముద్ర అయింది. పైనున్న సింహాలు అశోకుడు సారనాథ్‌లో నిలబెట్టిన స్తంభం మీదివి. వాటికి 2,200 ఏండ్లు దాటినయి. సారనాథ్ అంటే బుద్ధుడు మొట్టమొదట ధర్మబోధ చేసిన చోటు. కానీ కింద ఉన్న మాట అశోకుడిది కాదు, బుద్ధుడిది కాదు. ఆ స్తంభం మీద ఆ మాట లేనే లేదు. అది ముండకోపనిషత్తులోది. వేదం వింటే శూద్రుని చెవిలో కరిగిన సీసమో లక్కనో పోయాలని గౌతమ ధర్మసూత్రం రాసింది. శూద్రునికే ఆ గతి అయితే ఊరవతల ఉన్న మన తాతలకు ఏ గతి? సత్యంతో మనకు తగువు లేదు. మాట మంచిదే. కానీ పైన బౌద్ధుల సింహాలు, కింద మన చెవిన పడనియ్యని గ్రంథంలోని మాట. ఈ అతుకు ఎట్లా పడిందో తెలిసి ఉండాలె.

మరి సారనాథ్‌లో పుట్టిన మాట ఏది? బౌద్ధ గ్రంథాలు చెప్పేదేమంటే, బుద్ధుడు తన మొదటి అరవై మంది భిక్షువులను అక్కడి నుంచే ఊర్ల మీదికి పంపిండు. ఎక్కువ మంది మేలు కోసం, ఎక్కువ మంది సుఖం కోసం తిరగండి అన్నడు. ‘బహుజన హితాయ, బహుజన సుఖాయ.’ ఈ మాటను ఆకాశవాణి తన ధ్యేయవాక్యంగా పెట్టుకుంది. ఏండ్ల తరబడి మన వాడల్లో రేడియో మోగింది గానీ, దాని ముద్ర మీద ‘బహుజన’ అన్న మాట ఉందని మనకు చెప్పినోళ్లు తక్కువ. కాన్షీరాం ఆ మాటనే ఎత్తుకొని 1984లో పార్టీ పెట్టిండు. అది కొత్తగా పుట్టించిన మాట కాదు. ఆ సింహాలకు సొంత ఊరి మాట.

రెండవది, ఏ భాష? బాకీ ఉన్నోనికి అర్థం కాని భాషలో నోటు రాస్తే అది ఎవరికి లాభం? తమిళనాడులో 1960ల చివర అన్నాదురై ప్రభుత్వం ఈ మాటను తమిళంలోకి తెచ్చింది. ‘వాయ్‌మైయే వెల్లుం’ అని రాసుకున్నరు. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ల మీద జాతి వివక్ష పాలన పోయినంక, 2000లో కొత్త ముద్ర చేసుకున్నరు. తెల్లోళ్ల ఇంగ్లీషు పెట్టలేదు, లాటిన్ పెట్టలేదు. ఆ నేల తొలి మనుషుల్లో ఒక తెగ భాషను తీసుకున్నరు. ఆ భాష మాట్లాడేవాళ్లు ఇప్పుడు ఎవరూ మిగలలేదు. భిన్నమైన జనులారా ఒకటి కండి అని దాని అర్థం. అణగదొక్కబడ్డ వాళ్ల నోటిమాటను రాజ్యం నెత్తిన పెట్టుకోవచ్చునని ఆ దేశం చూపించింది.

మన దగ్గర? 2014లో తెలంగాణ వచ్చింది. మన వరంగల్ కోటలోని కాకతీయ తోరణం, చార్మినార్ రాష్ట్ర ముద్రలోకి వచ్చినయి. రాష్ట్రం పేరు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాసిండ్రు. కింద మాత్రం ఆ సంస్కృత వాక్యమే. 2024 మే నెలలో ముద్ర మారుస్తమంటే పెద్ద గొడవ అయింది. తోరణం ఉండాలె, చార్మినార్ ఉండాలె అని తగువంతా బొమ్మల చుట్టే తిరిగింది. తోరణం ఉండాలె, మనమూ కాదనం. ఆ రాళ్లు మోసింది, చెరువు కట్టలకు మట్టి పోసింది రాజులు కాదు. పాకాల, రామప్ప, లక్నవరం కింద నీళ్లు పారిచ్చింది, తూము కాడ కావలి కాసింది నీరటికాళ్లు. మోటకు తోలు బొక్కెన కుట్టింది మాదిగలు. తోరణానికి ముద్రలో చోటు దొరికింది. దాన్ని మోసినోళ్ల మాటకు దొరకలేదు.

మూడవది, అసలైనది. బాకీ తీరిందా?

సుప్రీం కోర్టు ముద్ర మీద ఇంకో వాక్యం ఉంది. ‘యతో ధర్మస్తతో జయః.’ ధర్మం ఎక్కడో గెలుపు అక్కడ. అది మహాభారతంలోది. మన ఊర్లల్లో ‘ధర్మం చెయ్యండి’ అంటే బిచ్చం అడుగుడు. కోర్టు గుమ్మం కాడ మనం అడిగేది ఆ ధర్మం కాదు, హక్కు.

కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు మాదిగలను చంపిండ్రు. సుప్రీం కోర్టు ఆఖరి తీర్పు వచ్చింది 2008 డిసెంబరులో. 23 ఏండ్లు పట్టింది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపిండ్రు. మా ఊర్లోనే కోర్టు పెట్టాలని బాధితులు పోరాడితే చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టిండ్రు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు, నేరం రుజువు కాలేదని అందరినీ వదిలేసింది. కేసు సుప్రీం కోర్టుకు ఎక్కింది. ఎనిమిది మంది చచ్చింది నిజం. చంపినోళ్లు ఎవరో మాత్రం రుజువు కాలేదట! మరి సత్యమే గెలిచిందా?

కాబట్టి ఈ వాక్యంలోని లోపం పట్టుకోండి. సత్యం గెలుస్తుంది అన్నరు. ఎవరు గెలిపిస్తరో చెప్పలేదు. నిజం తనంతట తాను గెలవదు. నిజాన్ని కాయితం మీదికి ఎక్కించేటోళ్లు, సాక్ష్యానికి నిలబడేటోళ్లు, ఆ సాక్షికి అండగా నిలబడే వాడ ఉంటేనే గెలుస్తుంది.

ఆ కాయితం పోలీసు ఠాణాలో మొదలైతది. అక్కడ తప్పు రాస్తే పై కోర్టు దాకా తప్పే నడుస్తది. 1989 అట్రాసిటీ చట్టంలోని నాలుగవ సెక్షన్, 2016 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చిన సవరణతో, ఏం చెప్తున్నదో ఇంటింటికి చెప్పండి. మీరు నోటితో చెప్పింది రాసుకున్న అధికారి, మీ సంతకం తీసుకునే ముందు దాన్ని మీకు చదివి వినిపించాలె. కాపీ వెంటనే ఇయ్యాలె. ఇది దయ కాదు, అతని డ్యూటీ. ఎస్సీ, ఎస్టీ కాని అధికారి కావాలని ఆ డ్యూటీ తప్పితే అది నేరం. అదే చట్టంలో 15ఏ సెక్షన్ బాధితులకు, సాక్షులకు రక్షణ కల్పించాలని చెప్తుంది. వేలిముద్ర వేసే అవ్వ అయినా సరే, ‘చదివి వినిపించు బిడ్డా, అప్పుడే వేలు పెడత’ అనాలె. ఆమె వెంట ఒక కార్యకర్త ఉండాలె. ‘సత్యమేవ జయతే’ అని మనం చదవాల్సిన చోటు అది.

ఆఖరుగా ఒక మాట. 1942లో నాగపూర్ సభలో బాబాసాహెబ్ మనకొక ధ్యేయవాక్యం ఇచ్చిండు. బోధించు, సమీకరించు, పోరాడు. దానికి ఏ సర్కారు ముద్రా లేదు. కానీ ఆ మూడు మాటల్లో పని ఉంది, ఆ పని చేసే మనిషి ఉన్నడు. నిజమే గెలుస్తది అని వాళ్లు రాసుకున్నరు. గెలిపిస్తం అని మనం రాసుకుందాం.

జై భీమ్.