రిమోట్ నొక్కితే కరెంటు పోయినట్టు కాదు
(ఉద్దనపల్లి సభ్యుల సమావేశంలో కార్యదర్శి ప్రసంగం)



జీతం, బోనస్ సంగతులు మాట్లాడుకునే చోట సీలింగ్ ఫ్యాను ముచ్చట ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. నైట్ షిఫ్టు దిగి వచ్చి పట్టపగలు రేకుల ఇంట్లో పడుకునే మనకు ఫ్యాను విలాసం కాదు. నిద్ర చాలకపోతే మరునాడు మిషను దగ్గర చెయ్యి తడబడుతుంది.

ఇప్పుడు మనవాళ్లు రిమోట్ ఫ్యాన్లు కొంటున్నారు. మంచిదే. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తింటే, బి.ఎల్.డి.సి. అనే ఈ కొత్త రకానికి 30 వాట్లు చాలు. రోజుకు 12 గంటలు తిరిగితే రెండు నెలల బిల్లులో ఫ్యానుకు 32 యూనిట్లు మిగులుతాయి.

అయితే ఆ మధ్య మన సభ్యుడొకరు ఫ్యానును రిమోట్‌తో ఆపి, స్టూలెక్కి, పైగిన్నె విప్పి తీగ పట్టుకున్నారు. షాకు కొట్టి కింద పడ్డారు. మణికట్టు విరిగింది. పనిలో గాయమైతే ఇ.ఎస్.ఐ.లో జీతంలో 90 శాతం వస్తుంది. ఇంట్లో పడితే జబ్బు సెలవు కింద 70 శాతమే. మేము ఎంత వాదించినా ఆ తేడా పూడదు.

తప్పు ఎక్కడ జరిగింది? రిమోట్ నొక్కితే మోటారు ఆగుతుంది, అంతే. ఫ్యాను దాకా వచ్చిన తీగలో 230 వోల్టులు అలాగే ఉంటాయి. లేకపోతే మళ్లీ నొక్కినప్పుడు ఫ్యాను మన మాట ఎలా వింటుంది? గోడ స్విచ్చినీ నమ్మడానికి లేదు. కొన్ని పాత ఇళ్లలో స్విచ్చిని ఫేజుకు బదులు న్యూట్రల్‌కు పెట్టి ఉంటారు. స్విచ్చి ఆపినా ఫేజు పైన కాచుకునే ఉంటుంది.

మిల్లులో మోటారు విప్పేముందు ఫ్యూజు తీసి, పని చేసేవాడే జేబులో వేసుకోవాలని మనం నేర్చుకున్నాం. అదే పద్ధతి ఇంట్లోనూ పాటిద్దాం.

మొదట మెయిన్ ఆపి, ఫ్యూజు తీసి జేబులో పెట్టుకోండి. ట్రిప్పరైతే దాని దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. ఇన్వర్టరు ఉంటే అదీ ఆపండి. మెయిన్ పోగానే అది కరెంటు ఇవ్వడం మొదలుపెడుతుంది.

మెయిన్ ఆపకముందే టెస్టరును కరెంటున్న ప్లగ్గులో పెట్టి, అది వెలుగుతుందో లేదో చూసుకోండి. మెయిన్ ఆపాక ఫ్యాను తీగలన్నిటికీ ఆనించి చూడండి. ఏ ఒక్కటి వెలిగినా దిగిపోండి.

పాత గోడ రెగ్యులేటరును లైనులోనుంచి తీసేయించండి. కొత్త ఫ్యానులో వేగం తగ్గించే ఏర్పాటు లోపలే ఉంది. రెగ్యులేటరు గుండా కరెంటు ఇస్తే లోపలి సర్క్యూటు పాడవుతుంది. స్విచ్చి మాత్రం ఉండాలి, అదీ ఫేజు తీగ మీదే ఉండాలి.

ఫేజు, న్యూట్రల్ తీగలను మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయకుండా కనెక్టరులో బిగించండి. పచ్చ తీగను ఎర్తుకు కలపండి. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకుంటే, లీకైన కరెంటు ఒంట్లోంచి నేలకు పోబోతే రెప్పపాటులో లైను తెగిపోతుంది.

చివరగా బోల్టుకు స్ప్లిట్ పిన్ను వంచారా, ఫ్యానుతో వచ్చిన ఇనుప తాడును కొక్కేనికి వేశారా చూడండి. ఆ ఫ్యాను కిందే పిల్లలు పడుకుంటారు.

ఇవి చెప్పింది ప్రతివాళ్లూ స్టూలెక్కడానికి కాదు, పని చేయించేటప్పుడు దగ్గరుండి అడగడానికి. వైరింగు పనిని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి. ఆ కూలీ డబ్బులు ఒక్క రోజు జీతం కన్నా పెద్దవి కావు అనుకున్నా, కాకపోయినా, విరిగిన చెయ్యికన్నా చౌకే.

మిల్లులో కార్మికుడి ప్రాణం చౌక కాదని కొట్లాడిన మనం, ఇంట్లో దాన్ని చౌక చేసుకోవద్దు.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!