మాకా? మనకా?



ఈ వారము గజేంద్రమోక్షము చెప్పుదుమని కరపత్రములో వేసినారు. ధర్మకర్తల అనుమతితో దానిని పై వారమునకు ఉంచినాము. నేడు చెప్పబోవునది కూడ నీటి సంగతియే కనుక మరీ దారి తప్పినట్లు కాదు.

శనివారపు హారతి అయిన పిమ్మట ప్రసాదము తీసికొని ఎవరి ఇండ్లకు వారు పోవుట మన వాడుక. కొంతకాలముగా ఆరు ఇండ్లవారు అట్లు పోవుట లేదు. మండపములో తూర్పు స్తంభముల దగ్గర కూర్చుండి, గుడి తలుపులు వేయువరకు మాటలాడుకొనుచున్నారు. మూడు ఇండ్లు మేడ్చల్‌వి, రెండు శామీర్‌పేటవి, ఒకటి తూంకుంటది. ఒకరు ఆటో నడుపుదురు, ఒకరు కోళ్ళ ఫారములో పనిచేయుదురు, ఒకరిది కిరాణా దుకాణము. కులములు వేరు, గోత్రములు వేరు. నిరుటి వరకు ఒకరి ముఖము ఒకరు ఎరుగరు. వీరి బిడ్డలు ఆరుగురు, అయిదుగురు మగపిల్లలును ఒక ఆడపిల్లయును, నౌకాదళములో చేరి శిక్షణకు పోయినారు. ఆ ఒక్క కారణము చేత వీరు చుట్టములైనారు.

మన ప్రాంతమునకు సముద్రము ఎరుక లేదు. హకీంపేట మీదుగ ఎగురు విమానములను చూచుచు మన పిల్లలు పెరిగినారు. దుండిగల్లులో విమానదళ అకాడమీ ఉన్నది. నీరనగా మనకు శామీర్‌పేట చెరువే. అటువంటి చోటినుండి బిడ్డ ఓడ ఎక్కుదునని బయలుదేరినప్పుడు తల్లికి అది ఏ దిక్కున ఉన్నదో కూడ తోచదు. అందుచేత ముందుగ ఆ స్థలము సంగతి చెప్పుదుము.

ఒడిస్సాలో ఖుర్దా జిల్లాయందు చిల్కా సరస్సు ఒడ్డున ఐ.ఎన్.ఎస్. చిల్కా అను శిక్షణ కేంద్రము కలదు. ఐ.ఎన్.ఎస్. అన్నంత మాత్రమున అది ఓడ కాదు. నేలమీది కేంద్రములకును నౌకాదళమువారు అట్లే పేరు పెట్టుదురు. ఇది 1980 నుండి ఉన్నది. నావికులుగ చేరువారు మొదట ఇచ్చటికే రావలెను. విశాఖ దాటి, బరంపురము దాటి పోవలెను. బరంపురములో తెలుగు మాట వినిపించుననుట ఒక ఓదార్పు. అగ్నివీరులుగ చేరిన వారికి అచ్చట 16 వారముల శిక్షణ. కవాతు, ఈత, తుపాకి పట్టుట, క్రమశిక్షణ, నౌకాదళపు ఆచారములు నేర్పుదురు. తొలి అగ్నివీర దళము 2023 మార్చి 28న శిక్షణ ముగించినది. సుమారు 2,600 మంది. వారిలో 270 మందికి పైగ ఆడపిల్లలు. ఆ కవాతు సూర్యాస్తమయము తరువాత జరిగినది. మన సైనిక దళములలో శిక్షణాంత కవాతు సంధ్య దాటిన పిదప జరుగుట అదియే మొదలట.

ఇక తల్లుల మాట. మొదటి శనివారము వారిలో ఒకామె మా ఎదుట నిలిచి, "అయ్యగారూ, పొద్దుగూకితే ఇంట్ల కాలు నిలుస్తలేదు. కంచంల అన్నం పెట్టుకుంటె వాడు తిన్నడో లేదో అనిపిస్తది" అన్నది. ఆమె భర్త వెనుకనే నిలిచి ఏమియు పలుకలేదు. తరువాత మమ్ము ప్రక్కకు పిలిచి అడిగినది వేరొకటి: "నాలుగేండ్లయినంక ఏందయ్యగారూ?"

ఆ ప్రశ్న చిన్నది కాదు. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకము ప్రకారము ఈ కొలువు నాలుగేండ్లు. పిదప నూటికి ఇరువదియైదుగురి వరకు స్థిరముగ తీసికొందురు. తక్కినవారు సేవానిధి సొమ్ముతో ఇంటికి రావలెను. ఆ ప్రకటన వెలువడిన మూడవనాడు, జూన్ 17న, సికింద్రాబాదు రైలు స్టేషనులో ఏమి జరిగినదో మీరెరుగుదురు. రైలు పెట్టెలు కాలినవి, కాల్పులు జరిగినవి, ఒక పిల్లవాని ప్రాణము పోయినది. ఆ స్టేషనులోనే ఈ ఆరు ఇండ్లవారు తమ బిడ్డలను రైలెక్కించినారు. ఆ తండ్రి ప్రశ్నకు మా వద్ద సమాధానము లేదు. ఉన్నట్లు నటించుట పౌరాణికులకు అలవాటే కాని, ఆ దినము మాకు నోరు రాలేదు.

బిడ్డను పంపలేక వెనుకాడుట పాపము కాదు. ఐతరేయ బ్రాహ్మణములో హరిశ్చంద్రుడు వరుణుని వేడి కొడుకును పొందినాడు. ఆ కొడుకునే సమర్పింతునని మాట ఇచ్చినాడు. వరుణుడు వచ్చి అడిగినప్పుడెల్ల గడువు కోరినాడు. పది దినములు కానిమ్మన్నాడు. పండ్లు రానిమ్మన్నాడు. ఆ పండ్లు ఊడనిమ్మన్నాడు. మరల మొలవనిమ్మన్నాడు. చివరకు కవచము తొడుగు ఈడు రానిమ్మన్నాడు. సత్యమునకు పేరుపడిన వంశము వాడు ఇన్నిమార్లు వాయిదా వేసినాడనగా, తండ్రి మనసు ఎట్టిదో శ్రుతికి తెలియును. ఆ కథ ఎన్నో మలుపులు తిరిగి, తుదకు యూపమునకు కట్టబడిన శునఃశేపుడు దేవతలను స్తుతింపగా కట్లు విడివడినవి. బిగించిన వరుణుడే వదలినాడు.

రామాయణములో దశరథుడును అంతే. విశ్వామిత్రుడు వచ్చి రాముని పంపుమన్నప్పుడు, వానికి పదునారేండ్లు నిండలేదు, సేనతో నేనే వచ్చెదనన్నాడు. వసిష్ఠుడు నచ్చజెప్పవలసి వచ్చినది. పోయిన రాముడు మొదటి రాత్రి సరయువు ఒడ్డున గడ్డిమీద పండుకొన్నాడు. రాజు కొడుకునకు తగిన పడక కాదది. వాల్మీకియు ఆ మాట అన్నాడు. తెల్లవారుజామున గురువు లేపినాడు. ఆ మేల్కొలుపు మీ అందరి చెవులలోను ఉన్నది. తిరుమల సుప్రభాతమునకు అదియే మొదటి శ్లోకము. గమనింపుడు, లేపినవాడు కఠినుడైన ముని, కాని లేపినది తల్లి పేరు చెప్పి. కౌసల్య ఆ వేళ అయోధ్యలో ఉన్నది. ఆమె పేరు నదియొడ్డున, గడ్డిపరుపు దగ్గర వినిపించినది. చిల్కాలో పిల్లలను ఈల వేసి లేపుదురట. ఈలలో తల్లి పేరుండదు. అయినను లేచునప్పుడు ఎవరి పేరు మనసున మెదలునో తల్లులకు వేరే చెప్పవలెనా?

అయితే కౌసల్యకు అసలు కష్టము అరణ్యవాసమప్పుడు వచ్చినది. అప్పుడామెను ఓదార్చినది వసిష్ఠుడు కాదు, సుమిత్ర. మేము ఎన్నియోమార్లు అయోధ్యాకాండ చెప్పియుండియు ఆ ఘట్టమును గబగబ దాటించినవారమే. సుమిత్ర కొడుకును అడవికే పోయినాడు. అతనికి వరము అడ్డు లేదు, శాపము అడ్డు లేదు. తనంత తానే పోయినాడు. అంత దుఃఖము తనకుండగా ఆమె కౌసల్య ప్రక్కన కూర్చుండి, రాముడు ఎట్టివాడో, అతనికి అడవిలో ఎందుచేత కీడు రాదో, మరల వచ్చి నీ పాదములకు ఎట్లు మ్రొక్కునో ఒక్కొక్కటిగ చెప్పినది. ఒకే దిక్కున బిడ్డను పంపిన తల్లికి గాని ఆ మాట చెప్పు అధికారము లేదు. ఊర్మిళ మాటయో, వాల్మీకి ఆమెను విడిచినాడు. మన తెలుగు స్త్రీలు విడువలేదు, నిద్రపాట కట్టి నిలబెట్టినారు.

మండపములో జరుగుచున్నదియు సుమిత్ర పనియే. శిక్షణలో ఉన్న పిల్లల చేతిలో నిత్యము ఫోను ఉండదు. ఆదివారము ఒక ఇంటికి పిలుపు వచ్చినచో, ఆ పిల్లవాడు తన క్షేమముతోపాటు తక్కినవారిని ఎక్కడ చూచినాడో చెప్పును. ఆ వార్త సాయంత్రములోగ ఆరు ఇండ్లకు చేరును. పిలుపు రాని ఇంటికి ముందుగ పోవలెనని వారు తమలో తాము నియమము పెట్టుకొన్నారు. ఒక తండ్రికి జ్వరము వచ్చినప్పుడు వేరొక ఇంటి తండ్రి వారము దినములు అతని ఆటో నడిపి, కిరాయి డబ్బులు తెచ్చి ఇచ్చినాడు. ఆడపిల్ల తల్లిని బంధువులు సూటిపోటి మాటలన్నప్పుడు, మగపిల్లల తల్లులు నలుగురు ఆ ఇంటికి పోయి కూర్చున్నారు. ఏమియు వాదింపలేదట, టీ త్రాగి వచ్చినారట.

ఇంతవరకు బాగుగనే ఉన్నది. ఒక పొరపాటును చెప్పవలెను, అందులో మా పాలును ఉన్నది.

ఎనిమిదవ వారములో ఒక పిల్లవానికి పరుగులో కాలి ఎముక చిట్లినది. ఎవరి తప్పును కాదు; లేత ఎముకలకు ఒక్కసారిగ శ్రమ పెరిగినచో అట్లగుట కలదని వైద్యులు చెప్పుదురు. అతడు ఇంటికి వచ్చినాడు. ఆ శనివారము అతని తల్లి గుడికి రాలేదు. మరుసటి శనివారమును రాలేదు. పిలుపు రాని ఇంటికి ముందుగ పోవలెనన్న నియమము పెట్టుకొన్నవారే ఆ గడప తొక్కలేదు. దయ లేక కాదు. ఏమని పలుకరింపవలెనో తెలియక. తమ బిడ్డల క్షేమము ఆమె ఎదుట ఎట్లు చెప్పుకొందుమని. మేమును అదే వీధిలో రెండుమార్లు పోయి, రెండుమార్లును తల వంచుకొని సాగిపోయినాము. ఆ రాత్రి మాకు మా తల్లి జ్ఞాపకము వచ్చినది. మమ్ము ఎనిమిదవ ఏట వేదపాఠశాలలో విడిచిన పిదప, సంథ నిలువక ఇంటికి తిరిగి వచ్చిన సహాధ్యాయి ఒకడుండెను. మా తల్లి అతనిని పిలిచి, అన్నము పెట్టి, మేము పాఠశాలలో ఎట్లున్నామో అడిగి తెలిసికొన్నదట. మాకా బుద్ధి డెబ్బదియేండ్లు దాటినను కలుగలేదు.

కడకు ఆడపిల్ల తల్లి కుంకుమ భరిణె పట్టుకొని పోయి, బొట్టు పెట్టి, "వదినా, శనివారం నువ్వు రాకుంటె మేమూ కూసుంటలేము" అన్నది. తల్లియు వచ్చినది, కాలికి కట్టుతో పిల్లవాడును వచ్చినాడు. కొంతసేపు ఎవరికిని మాట రాలేదు. పిదప ఒకామె మెల్లగ, "పొద్దుగాల ఏమి పెడుతరు బిడ్డా?" అని అడిగినది. ఇక ప్రశ్నలు ఆగలేదు. ఆ స్థలమును కన్నులార చూచినవాడు వారిలో అతడొక్కడే కదా! ఏ వేళ లేపుదురు, మంచములు ఎట్లుండును, ఈత రానివానికి ఎట్లు నేర్పుదురు, అన్నియు చెప్పినాడు. "మొదటి వారం రాత్రిళ్ళు అందరు ఏడ్చిన్రు. పొద్దున ఎవ్వరు చెప్పరు" అన్నాడు. తల్లులు ఏడ్చినారు, నవ్వినారు. ఆ పిల్లవాడు దళమునుండి వచ్చిన తరువాత మొదటిసారి నవ్వినది అప్పుడేనని అతని తల్లి మాతో చెప్పినది.

ఇప్పుడు మా శాస్త్రమునకు వచ్చెదము. నౌకాదళ చిహ్నము క్రింద వరుణుడు శుభము కలిగించుగాక అను అర్థముగల వేదవాక్యమున్నది. తైత్తిరీయ శిక్షావల్లి మొదట వచ్చు శాంతిపాఠములో మిత్రునితో, అర్యమునితో, ఇంద్ర బృహస్పతులతో, విష్ణువుతో కలిపి వరుణుని ప్రార్థించు చోటిది. అందులో "నః" అను పదమున్నది. చతుర్థీ బహువచనము. ఆ పాఠములోనే తరువాత శిష్యుడు తనకును తన గురువునకును వేరుగ రక్షణ కోరును. కాని మొదట అడుగునది బహువచనములోనే.

మేము అరువది యేండ్లుగ దానికి "మాకు" అని అర్థము చెప్పుచున్నాము. సంస్కృతమునకు లేని ఒక సూక్ష్మము తెలుగునకు కలదు. "మాకు" అనునప్పుడు ఎదుటివాడు బయట నిలుచును. "మనకు" అనునప్పుడు లోపలికి వచ్చును. ప్రార్థన దేవతతో చేయుచున్నది కనుక "మాకు" అనుటయే వ్యాకరణమునకు తగును. దానిని మేము కాదనము. అయితే ఆ స్తంభముల దగ్గర ప్రక్కనున్న తల్లి వైపు తిరిగి అర్థము చెప్పవలసివచ్చినప్పుడు, కాలు విరిగి వచ్చినవాని తల్లియు అక్కడ ఉన్నప్పుడు, మా నోట "మనకు" అని వచ్చినది. దిద్దుకొనలేదు.

శిక్షణాంత కవాతునకు అందరును పోలేరు. రైలు ఖర్చులు, పనికి సెలవులు చూచుకొనవలెను. రెండు ఇండ్లవారు బయలుదేరుచున్నారు. తక్కిన ఇండ్లవారు తమ బిడ్డలకని సకినాలు, అరిసెలు మూటకట్టి వారికి అప్పగించినారు. లోపలికి పోనిత్తురో లేదో తెలియదు, అయినను కట్టినారు. దారి ఎరిగినవాడని ఆ పిల్లవానిని తమతో రమ్మని పిలిచినారు. అతడింకను సరే అనలేదు. రైలు మంగళవారము.

స్వస్తి.