చేర్చుకున్న తరువాత



ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ మాస్టారు ఈ కాలేజీలో గణితం చెప్పారు. అయితే ఆయన శిష్యులు నలుగురు కలిసిన చోట కాలిక్యులస్ ప్రస్తావన కన్నా ఆయన హాజరుపట్టీ ప్రస్తావనే ముందు వస్తుంది. ఒక కుర్రవాడు వరసగా మూడు రోజులు రాకపోతే, అదే ఊరి బస్సు దిగే మరో విద్యార్థిని వరండాలో ఆపి "మీవాడేడిరా?" అని అడిగేవారు. సాయంత్రానికి కబురు ఆ ఊరు చేరేది. వాడు నాట్లకు ఆగిపోయాడా, బస్సు పాసుకు డబ్బులు లేక ఆగిపోయాడా, మొదటి పరీక్ష మార్కులు చూసుకుని సిగ్గుపడి ఆగిపోయాడా అన్నది వారం తిరక్కుండా తేలిపోయేది. మూడింటికీ మందు ఒకటి కాదని ఆయనకు తెలుసు. దేశదేశాల విశ్వవిద్యాలయాలు ఈ యాభై ఏళ్ళలో పరిశోధించి తేల్చుకున్న విషయం దీనికి చాలా దగ్గరగా ఉంది. ఈరోజు నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే.

మన దేశంలో ఉన్నత విద్యలో ఉన్నవాళ్ళు 2021-22 సర్వే ప్రకారం 4.33 కోట్ల మంది. ఆ వయసు పిల్లల్లో ఇది 28.4 శాతం. గర్వపడాల్సిన సంఖ్యే. కానీ ఇది చేరినవాళ్ళ లెక్క. ఫలానా ఏడు మన కాలేజీలో చేరిన బ్యాచ్‌లో ఎంతమంది పట్టా పుచ్చుకున్నారు, ఎన్నేళ్ళకు పుచ్చుకున్నారు, మిగిలినవాళ్ళు ఏ సెమిస్టర్‌లో ఆగారు అని అడిగితే చప్పున జవాబు చెప్పగల కాలేజీలు ఎన్ని ఉన్నాయి? గేటు పక్కన ఫ్లెక్సీ మీద ర్యాంకర్ల ఫొటోలుంటాయి. ఆగిపోయినవాళ్ళ పేర్లు ఆఫీసు బీరువాలో, తీసుకెళ్ళని టీసీల కట్టలో ఉంటాయి.

ఆగిపోయిన విద్యార్థిని చూడగానే మనకు నోటికొచ్చే మాట "వాడికి శ్రద్ధ లేదు" అని. అమెరికాలోనూ చాలాకాలం ఇదే మాట నడిచింది. 1975లో విన్సెంట్ టింటో అనే సామాజిక శాస్త్రవేత్త ఆ దృష్టిని మళ్ళించాడు. విద్యార్థి చదువు మానేయడం వెనక అతని తెలివితేటలతో పాటు కాలేజీతో అతనికి ఏర్పడిన బంధం, లేక ఏర్పడకపోయిన బంధం ఉంటుందన్నాడు. క్లాసులో ఒక అధ్యాపకుడైనా పేరు పెట్టి పిలిచాడా? కలిసి చదువుకునే ఇద్దరు స్నేహితులైనా దొరికారా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసింది విద్యార్థి ఒక్కడే కాదు, సంస్థ కూడా.

దీన్ని దగ్గరగా చూపించిన మనిషి యూరి ట్రైస్మన్. ఈ కథ కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది మాస్టారి సబ్జెక్టు కథ. 1970లలో ఆయన బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. అక్కడ కాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా తప్పుతున్నారు, చైనా సంతతి విద్యార్థులు బాగా రాణిస్తున్నారు. కారణమేమిటని అధ్యాపకుల్ని అడిగితే పట్టుదల లేదన్నారు, స్కూలు పునాది బలహీనమన్నారు, ఇంట్లో ప్రోత్సాహం ఉండదన్నారు, పేదరికమన్నారు. ట్రైస్మన్ అటు ఇరవైమందిని, ఇటు ఇరవైమందిని తీసుకుని వాళ్ళు చదువుకునే చోటికే వెళ్ళి చూశాడు. అధ్యాపకులు చెప్పిన కారణాలేవీ నిలబడలేదు. నల్లజాతి పిల్లలు కష్టపడుతూనే ఉన్నారు. తల్లిదండ్రులు వాళ్ళ చదువు కోసం ప్రాణం పెడుతున్నారు. తేడా ఎక్కడంటే, వీళ్ళు గది తలుపు వేసుకుని ఒంటరిగా చదువుతున్నారు. చైనా సంతతి పిల్లలు ముందు ఎవరికి వారు లెక్కలు చేసుకుని, సాయంత్రం ఒకచోట కూడి ఒకరి నోటుబుక్కు ఒకరు దిద్దుకుంటున్నారు. ఎక్కడ తప్పారో ఆ రాత్రే తెలిసిపోతోంది. తనకు రాని లెక్క పక్కవాడికీ రాలేదని తెలిశాక, లోపం తనలో లేదని, లెక్కే కష్టమైనదని అర్థమవుతోంది. ఒంటరిగా కుస్తీపట్టినవాడికి ఆ ధైర్యం చెప్పేవాళ్ళు లేరు.

దీనికి ట్రైస్మన్ కనిపెట్టిన మందు రెమెడియల్ క్లాసు కాదు. వెనకబడ్డవాళ్ళు రండి అని బోర్డు పెడితే అభిమానం ఉన్న పిల్లవాడు ఎవడొస్తాడు? ఆయన వర్క్‌షాపు పెట్టి, మామూలు క్లాసులో కన్నా కఠినమైన లెక్కలిచ్చి, గుంపులుగా కూర్చోబెట్టి చేయించాడు. పిలుపులోనే గౌరవం ఉంది. ఫలితాలు అధ్యాపకుల అంచనాల్ని తలకిందులు చేశాయి. ఇంచుమించు అదే కాలంలో, 1973లో, కాన్సస్ సిటీలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంలో డియానా మార్టిన్ ఇంకో దారిలో ఇక్కడికే చేరింది. బలహీనమైన విద్యార్థుల్ని వేరు చేయకుండా, ఎక్కువమంది తప్పే సబ్జెక్టుల్ని వేరు చేసింది. ఆ సబ్జెక్టు అంతకుముందే బాగా పాసైన సీనియర్ ఒకరు మళ్ళీ క్లాసులో కూర్చుని, తరువాత జూనియర్ల చేత దాన్ని నెమరు వేయిస్తారు. ఈ పద్ధతి ఆస్ట్రేలియా, స్వీడన్ దాకా పాకింది. మన డిగ్రీ కాలేజీల్లో దీనికి కావలసింది ఒక ఖాళీ గది, ఒక సీనియర్, అతనికి ఒక సర్టిఫికెట్.

ఇక డబ్బు సంగతి. పేద విద్యార్థిని ఆపేసేది చాలాసార్లు పెద్ద ఫీజు కాదు, చివరి నిమిషపు చిన్న బాకీ. అట్లాంటాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయంలో 2003లో ఆరేళ్ళలోపు డిగ్రీ పూర్తిచేసేవాళ్ళు 32 శాతం. కొద్దిపాటి ఫీజు బాకీ పడి రోల్స్ నుంచి పేరు పోయేవాళ్ళు ప్రతి సెమిస్టర్‌లోనూ వందల్లో ఉండేవారు. వీళ్ళలో చదువు ముగింపుకొచ్చినవాళ్ళూ ఉన్నారు. 2011లో విశ్వవిద్యాలయం తానే ముందుకొచ్చి, దరఖాస్తు కోసం చూడకుండా, ఆ చిన్న బాకీలు తీర్చడం మొదలుపెట్టింది. మరుసటి ఏడు నుంచి ప్రతి విద్యార్థి మార్కుల్నీ, కోర్సు ఎంపికల్నీ కంప్యూటర్ రోజూ గమనించే ఏర్పాటు వచ్చింది. తన ప్రధాన సబ్జెక్టు మొదటి కోర్సులోనే మార్కులు తగ్గితే అది ప్రమాదసూచన అని పాత రికార్డులు చెప్పాయి. అంతకుముందు అలాంటి విద్యార్థి పాసయ్యాడు కదా అని పై కోర్సుకు పంపేవారు. ఇప్పుడు వెంటనే పిలిచి మాట్లాడుతున్నారు. అయితే కంప్యూటర్ ఒక్కటే ఈ పని చేసిందనుకుంటే పొరపాటు. హెచ్చరిక వచ్చాక పిలిచి మాట్లాడడానికి సలహాదారుల్ని పెద్దసంఖ్యలో కొత్తగా తీసుకున్నారు. పదేళ్ళు దాటేసరికి పూర్తిచేసేవాళ్ళు సగం దాటారు. నల్లజాతి, తెల్లజాతి విద్యార్థుల మధ్య ఉన్న అంతరం చెరిగిపోయింది.

న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో తన కమ్యూనిటీ కాలేజీల్లో మొదలుపెట్టిన 'అసాప్' పథకం నాకు ఇంకా నచ్చింది. ఎందుకంటే అందులో అన్నీ ఒకేసారి ఉన్నాయి. స్కాలర్‌షిప్పు పోగా మిగిలిన ఫీజు మాఫీ, పుస్తకాలకు సాయం, నగర రవాణా పాసు ఉచితం, ఉద్యోగం చేసుకునేవాళ్ళకు వీలైన టైంటేబుల్, తరచు కలిసి మాట్లాడే సలహాదారు. బదులుగా విద్యార్థి పూర్తికాలం చదవాలి, సలహాదారును కలుస్తూ ఉండాలి. లాటరీ తీసి కొందరికి ఇచ్చి, కొందరికి మామూలు సాయమే ఇచ్చి పోల్చి చూశారు. మూడేళ్ళలో పట్టా పొందినవాళ్ళు ఈ పథకంలో 40 శాతం, బయట 22 శాతం. తలకు ఖర్చు ఎక్కువైంది, కానీ ఒక్కో పట్టాకు అయిన ఖర్చు తగ్గింది. ఒహాయోలో మూడు కాలేజీలు ఇదే పద్ధతి పెట్టినా ఇలాంటి ఫలితమే వచ్చింది. మనవాళ్ళు ఒక ఏడు బస్ పాసు, ఇంకో ఏడు ట్యాబ్, మరో ఏడు కౌన్సెలర్ ఇచ్చి, ఏదీ పనిచేయలేదని పెదవి విరుస్తారు. విడివిడిగా ఇస్తే అంతగా పనిచేయవు.

ఫీజు ఒక్కటే లేకుండా చేస్తే చాలదని చెప్పడానికి జర్మనీ ఉంది. అక్కడ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు లేదు, అయినా మధ్యలో మానేసేవాళ్ళు తక్కువేమీ కాదు.

దక్షిణాఫ్రికా అనుభవం మనకు మరీ దగ్గరిది. వర్ణవివక్ష కాలపు బడుల నుంచి, మాతృభాష కాని ఇంగ్లీషులో చదవడానికి వచ్చిన పిల్లలు చాలామంది మూడేళ్ళ డిగ్రీని మూడేళ్ళలో ముగించలేకపోయారు. అలా ముగించేవాళ్ళు మొత్తం విద్యార్థుల్లో మూడోవంతు కూడా లేరు. అక్కడి విశ్వవిద్యాలయాలు కొన్ని కోర్సుల్ని ఒక ఏడాది పొడిగించి, ఆ అదనపు కాలాన్ని డిగ్రీలోనే కలిపాయి. 2013లో రచయిత, విద్యావేత్త న్జబులో న్డెబెలె అధ్యక్షతన ఉన్న బృందం డిగ్రీలన్నింటికీ ఈ పద్ధతి వర్తింపజేయమని సూచించింది. ప్రభుత్వం దాన్ని ముందుకు తీసుకుపోలేదు. నా దృష్టిలో అది పోగొట్టుకున్న అవకాశం.

మన దగ్గర దానికి దగ్గరి ఆలోచన 2008లోనే రూపం దాల్చింది. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు మండలాల నుంచి పదో తరగతి పిల్లల్ని తీసుకుని, ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు పాయింట్లిచ్చి, ఆరేళ్ళ చదువులో మొదటి రెండేళ్ళు పునాదికి కేటాయించారు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లకు కావలసింది జాలి కాదు, వ్యవధి. ఆ వ్యవధిలో చెప్పేందుకు శాశ్వత అధ్యాపకులూ, వినేందుకు కౌన్సెలర్లూ తగినంతమంది ఉండాలి.

ఇంకో గర్వకారణం ఉంది. 1982లో హైదరాబాదులో పుట్టిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. మొదటి వైస్ ఛాన్సలర్ ఆచార్య జి. రాంరెడ్డి. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ దానికి ప్రేరణ. పై చదువుకు నోచుకోనివాళ్ళకు అర్హత పరీక్ష పెట్టి తలుపు తీయడం ఒక ఎత్తు. ఆదివారాలు అధ్యయన కేంద్రాల్లో కౌన్సెలింగ్ తరగతులు పెట్టడం మరో ఎత్తు. కండక్టర్లు, అంగన్‌వాడీ టీచర్లు, చదువు మానిన ఇల్లాళ్ళు పుస్తకాల కట్ట పోస్టులో అందుకుని ఊరుకోకుండా, ఒక మనిషి ముందు కూర్చుని సందేహం అడగగలిగారు. దూరవిద్యలో మానేసేవాళ్ళు ఎప్పుడూ ఎక్కువే. ఆ ఆదివారం తరగతి బలహీనపడ్డ చోట వాళ్ళు ఇంకా పెరుగుతారు.

ఇప్పుడు మన ఇల్లు చూసుకుందాం. ఫీజు రీయింబర్స్‌మెంట్ లక్షల ఇళ్ళలో మొదటి డిగ్రీని సాధ్యం చేసింది. కానీ బకాయిలు ఆలస్యమైనప్పుడు సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలోనే ఉండిపోతాయి. చదువు పూర్తయినా చేతికి కాగితం రాక ఉద్యోగం చేజారినవాళ్ళను మీరూ చూశారు. ప్రతి కాలేజీలో మెంటర్ వ్యవస్థ ఉంది, దానికో రిజిస్టరూ ఉంది. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వచ్చే వారం అందులో సంతకాలన్నీ ఒకే సిరాతో పడతాయి. కొత్త జాతీయ విద్యావిధానం ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా ఇచ్చి బయటికి వెళ్ళనిస్తుంది, మళ్ళీ రానిస్తుంది. మంచిదే. కాకపోతే వెళ్ళిన పిల్ల ఎందుకు వెళ్ళిందో అడిగేవాళ్ళు లేకపోతే, డ్రాపవుట్‌కు డిప్లొమా అని పేరు పెట్టినట్టవుతుంది.

మాస్టారి కుటుంబానికి, కాలేజీకి ఒక మనవి. మాస్టారి పేరున ఈ ఉపన్యాసానికి ఉన్న నిధి మీద ఏటా వచ్చే వడ్డీలో ఉపన్యాసం ఖర్చు పోగా కొంత మిగులుతుందని విన్నాను. దాన్ని బంగారు పతకానికి కాకుండా పరీక్ష ఫీజుకు కేటాయించండి. గడువుకు వారం ముందు ఫీజు కట్టనివాళ్ళ జాబితా ఆఫీసు తీయాలి. దరఖాస్తు, ఆదాయపత్రం, సిఫారసు అడగొద్దు. క్లాస్ టీచర్ ఒక్కరు ఫోన్ చేసి మాట్లాడి, అవసరమని చెబితే ఆ రోజే కట్టెయ్యాలి. ఎవరికిచ్చారో నోటీసు బోర్డు మీద పెట్టొద్దు. ఏడాది చివర కాలేజీ కౌన్సిల్ ముందు రెండు అంకెలు పెడితే చాలు, ఎంతమందికి ఫీజు కట్టారో, వాళ్ళలో ఎంతమంది తరువాతి సెమిస్టర్‌లో క్లాసులో ఉన్నారో. వచ్చే ఉపన్యాసానికి ఎవరొచ్చినా ఆ రెండు అంకెలు వాళ్ళకు ముందుగా పంపండి.