పప్పుగింజలో పరిశోధన
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పల్లెలనుండి పట్టణములకు బోయి ఎం.ఎస్‌సి. చదువు విద్యార్థులకు పరిశోధన వ్యాసము వ్రాయవలసిన సమయమున నొక సంకటము ప్రాప్తించుచుండును. అంతవరకు గురువు చెప్పినది గ్రహించి పరీక్షలో నప్పగించిన జాలును. ఇకమీదట నొక యంశము నెన్నుకొని, ప్రయోగశాలలో స్వయముగా బరీక్షించి, లోకమునకు దెలియని చిన్న సంగతినైనను దెలిసికొని వ్రాయవలెను. కొందరు తమ శక్తికి మించిన విషయమును దలకెత్తుకొని, గడువు చాలక నడుమ విడిచెదరు. మరికొందరు పట్టము వచ్చిన జాలునని పాతదానికే కొత్త ముసుగు వేసెదరు. ఈ రెండు తెరువులును గాక సరియైన తెరువు ద్రొక్కిన యొక విద్యార్థిని వృత్తాంతము మన బిడ్డలకును, వారిని బంపు తలిదండ్రులకును ఉపయోగపడగలదు.

ఆమె పేరు కమలా భాగవత్. వివాహానంతరము కమలా సోహోనీ యని ప్రసిద్ధి. తండ్రియు, తండ్రి సోదరుడును రసాయన శాస్త్రజ్ఞులే. ఆమె 1933లో బొంబాయి విశ్వవిద్యాలయమున బి.ఎస్‌సి. యందు అగ్రశ్రేణిలో నుత్తీర్ణురాలై, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పరిశోధనకు దరఖాస్తు చేసికొనెను. ఆ సంవత్సరముననే సర్ సి. వి. రామన్ దానికి డైరెక్టరైరి. స్త్రీ యను కారణముచే ఆయన దరఖాస్తును ద్రోసిపుచ్చిరి.

ఇట రామన్ గారి విద్యార్థి దశను స్మరింపవలసియున్నది. ఆయన బాల్యము మన విశాఖపట్టణములో గడచినది. పిదప మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఎం.ఏ. చదువుచుండగా, పట్టకముపై వెలుతురు మిక్కిలి వాలుగా బడినపుడు గన్పించు చారలు ఇరుప్రక్కల సమముగా లేకుండుట గమనించి, దాని నుపేక్షింపక శోధించి వ్యాసము వ్రాసిరి. అది 1906లో లండను నగరపు శాస్త్ర పత్రికలో నచ్చుపడినది. అప్పటికాయన ప్రాయము పదునెనిమిదేండ్లు. కుతూహలమే యర్హతగా బైకి వచ్చిన యట్టివారు వేరొకరి కుతూహలమునకు దలుపు మూయుట విచారకరము. జనకుని సభలో యాజ్ఞవల్క్యుని బ్రశ్నించిన గార్గిని ‘నీవు స్త్రీవి, లేచిపొ’మ్మని యెవ్వరు ననలేదు.

కమల వెనుదిరుగలేదు. స్వయముగా బెంగుళూరు వచ్చి, నిరాకరణమునకు హేతువు జూపుడని పట్టుబట్టెను. తుదకు రామన్ గారు షరతులపై నంగీకరించిరి. మొదటి సంవత్సరము ఆమెను బూర్తి విద్యార్థినిగా బరిగణింపరు. మార్గదర్శకుడు కోరిన యెడల రాత్రి ప్రొద్దుపోవువరకు బనిచేయవలెను. ఆమె యునికిచే ప్రయోగశాలలోని పురుషుల పనికి భంగము గలుగరాదు. ఈ మూడవ షరతు ఎంత యవమానకరమో వేరుగా జెప్ప నక్కరలేదు. ఆమె దానిని దిగమ్రింగి పనిలో జొరబడెను.

ఆమె మార్గదర్శకులు శ్రీనివాసయ్యగారు. చేపట్టిన విషయము పాలు, పప్పులు మున్నగు వానిలోని మాంసకృత్తులు. అందును ముఖ్యముగా, పప్పుధాన్యములలో మాంసకృత్తులకు జేరని నత్రజని యెంత యని విచారించిరి. ఇది వినుటకు స్వల్పముగా దోచును గాని, దీని లోతు చూడవలెను.

మాంసకృత్తులను నేరుగా దూచుట కష్టము. అందుచే వానిలో నుండు నత్రజనిని గొలుచుట వాడుక. 1883లో డెన్మార్కు దేశస్థుడగు కెల్డాల్ దీనికొక పద్ధతి కనిపెట్టెను. పిండిని గాఢమగు గంధకికామ్లముతో గాచిన యెడల నందలి నత్రజని అమ్మోనియా లవణముగా మారును. పిమ్మట క్షారము చేర్చి మరిగింపగా అమ్మోనియా వెలువడును. దానిని బట్టి ఆమ్లముతో లెక్కగట్టుదురు. మాంసకృత్తులలో నూటికి సుమారు 16 పాళ్లు నత్రజని గనుక, వచ్చిన నత్రజనిని 6.25తో హెచ్చింతురు.

అయితే గింజలోని నత్రజని యంతయు మాంసకృత్తులదే యనుట యెట్లు? ఉదాహరణమునకు 100 గ్రాముల పిండిలో 4 గ్రాముల నత్రజని యున్న దనుకొందము. లెక్క ప్రకారము మాంసకృత్తులు 25 గ్రాములు. ఆ నాలుగింటిలో అర గ్రాము ఇతర పదార్థములదైన యెడల నిజమైన లెక్క 22 గ్రాములకు లోపే. గ్రామ విస్తీర్ణ మంతయు సాగుభూమి గాదు గదా! పోరంబోకు తీసివేసినగాని సాగు ఎంతో తేలదు. పప్పుగింజలోని పోరంబోకును దేల్చుటయే ఆమె పని. పప్పే ప్రధానబలమైన పేదవాని భోజనమునకు ఈ లెక్క యెంత ముఖ్యమో యూహింపుడు.

ఈ యెంపికలో మూడు గుణములు గలవు. ఒకటి, హద్దులు స్పష్టము, గడువులోపల ముగియును. రెండు, కొలుచు సాధనము అప్పటికే సిద్ధముగా నున్నది. సాధనము కొరకే కాలమంతయు వెచ్చింప నక్కరలేదు. మూడు, ఫలితము ఎట్లు వచ్చినను బ్రయోజనమే. ఎక్కువ వచ్చినను, తక్కువ వచ్చినను లోకమున కొక నిజము దెలియును. తాను గోరిన ఫలితము వచ్చిననే వ్యాసమగు నను విషయము విద్యార్థికి బ్రమాదకరము. అది యంకెలు దిద్దు దుర్బుద్ధిని బుట్టించును.

సంవత్సరము గడచుసరికి రామన్ గారు ఆమె పనికి దృప్తిపడి, పూర్తి విద్యార్థినిగా నంగీకరించిరి. అటుపిమ్మట స్త్రీలకు ఆ సంస్థ తలుపులు తెరచుకొనినవి. 1935లో గురుశిష్యుల వ్యాసము ఇంగ్లండులోని జీవరసాయన పత్రికలో వెలువడెను. 1936లో బొంబాయి విశ్వవిద్యాలయము ఆమెకు ఎం.ఎస్‌సి. పట్టము నొసగెను. ఆమె కేంబ్రిడ్జికి బోయి, ఉర్లగడ్డ మొదలగు మొక్కల కణజాలములలో ‘సైటోక్రోమ్ సి’ యను పదార్థమున్నదని కనుగొని, 1939లో డాక్టరు పట్టము వడసెను. స్వదేశమునకు మరలిన పిమ్మట బొంబాయిలో మనము తాటిచెట్టునుండి దించు నీరాను బరీక్షించి, అది పోషకాహారము చాలని గర్భవతులకును, ఆదివాసుల బిడ్డలకును మేలుచేయునని నిరూపించెను. 1998లో దివంగతురాలయ్యెను. అంతకు ముందటి యేట, స్త్రీ యగుటచే రామన్ గారు తనయెడ వర్తించిన తీరు మరపునకు రాలేదని యొక సభలో జెప్పెను. ఆరు దశాబ్దుల తరువాతను గాయము మానలేదన్నమాట.

విద్యార్థులారా! విషయము నెన్నుకొనునపుడు దాని హద్దులేవి, కొలుచుటకు సాధనమేది, ఫలితము ప్రతికూలమైనను నిలుచునా యని గురువు నడుగుడు. వచ్చిన యంకెను వచ్చినట్లు, వచ్చిన దినముననే పుస్తకములో నెక్కింపుడు. నచ్చని యంకెను గొట్టివేయకుడు. పరీక్షను మరల జేయుడు. గొప్పపేరుగల విషయముకంటె, చేరువలో నుండి యెవరును దూచి చూడని వస్తువు మేలు.

తలిదండ్రులారా! ‘ఆడుపిల్లకు రాత్రిప్రొద్దు ప్రయోగశాల యేల’ యని ఆపకుడు. ఆమె రాకపోకలకు, వసతికి భద్రత గల్పించుట పెద్దల విధి. చదువు మాన్పించుట విధి గాదు. మన గ్రంథాలయమున నొక బల్ల బాలికలకై ప్రత్యేకించి, శాస్త్ర గ్రంథముల కొనుగోలునకు ఏటేట గొంత ద్రవ్యము కేటాయింపవలెనని సభవారిని బ్రార్థించుటతో ఈ యుపన్యాసము ముగియుచున్నది.

స్వస్తి.