చర్మ క్యాన్సర్ ఆపరేషన్: ముందు ఏమిటి, తర్వాత ఏమిటి?
(భవానీపూర్‌లో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ భవానీపూర్‌లోనే, దేశబంధు చిత్తరంజన్ దాస్ ఇచ్చిన ఇంట్లో సేవాసదన్ వెలిసింది. దానికి అనుబంధంగా పుట్టిన క్యాన్సర్ ఆసుపత్రిని 1950 జనవరి 2న మేడం క్యూరీ కూతురు ఇరీన్ జోలియో-క్యూరీ ప్రారంభించారు. హాజ్రా దగ్గరున్న చిత్తరంజన్ నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ అదే. ఇంత దగ్గర్లో కూర్చుని ఈ మాట చెప్పకపోతే ఎలా?

మన రంగు వాళ్లకు చర్మ క్యాన్సర్ తక్కువే. అసలు రాదనుకోవడం మాత్రం పొరపాటు. ఏళ్ల తరబడి ఎండ తిన్న ముఖం మీద మానని పుండు, ఎప్పుడో కాలిన మచ్చ మీద లేచిన పుండు, అరికాలిలో పెరుగుతున్న నల్లమచ్చ - వీటిని అశ్రద్ధ చేయకండి. కశ్మీరులో పనిచేసినవారికి కాంగ్డీ తెలుసు. ఫిరన్ కింద ఆ నిప్పుల కుండ పెట్టుకునేవారికి పొట్ట మీద, తొడల మీద వచ్చే క్యాన్సర్‌కు ఆ కుండ పేరే పెట్టారు.

"కత్తి పెడితే పాకుతుంది" అని మనవాళ్లలో ఒక మాట ఉంది. అది నమ్మి పసరు కట్టుకుంటూ నెలలు గడిపినవాళ్లను నేను చూశాను. పాకేది ఆలస్యం వల్లనండీ, కత్తి వల్ల కాదు.

ముందు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. చిన్న మచ్చయితే అక్కడ మాత్రమే మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. సూది గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది, తర్వాత లాగినట్టు తెలుస్తుందే గాని నొప్పి ఉండదు.

మచ్చతోపాటు చుట్టూ మంచి చర్మమూ తీస్తారు. చిన్న బేసల్ సెల్ రకానికి సుమారు 4 మి.మీ., మెలనోమాకు లోతును బట్టి 1 నుంచి 2 సెం.మీ. కోత కంటి ఆకారంలో ఉంటుంది, అందుకే కుట్టు అసలు మచ్చకంటే చాలా పొడవుగా కనిపిస్తుంది. కంగారు పడకండి. కుట్టడానికి చర్మం చాలకపోతే తొడ నుంచి పలచని పొర తీసి అతికిస్తారు. చాలామందికి అతికించిన చోటుకంటే తీసిన చోటే ఎక్కువ మంట!

ఇంటికొచ్చాక రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో 20 నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి, మధ్యలో తీసి చూడొద్దు. అప్పటికీ ఆగకపోయినా, చీము, జ్వరం కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కుట్లు ముఖం మీదైతే వారంలోపు, కాళ్లూ వీపూ అయితే రెండు వారాలకు తీస్తారు.

అసలు పరీక్ష రిపోర్టుది. అంచుల్లో జబ్బు మిగిలిందని వస్తే మళ్లీ కోయాల్సి రావచ్చు. కుట్లు విప్పేశారు కదా అని ఆ కాగితం తెచ్చుకోకుండా ఉండకండి. తర్వాత కూడా చెప్పిన తేదీలకు చూపించుకోవాలి.

రిటైరైనవారికి 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ ఉంది. పాలీక్లినిక్‌లో చూపించి రిఫరల్ అడగండి.

సర్వీసులో కిట్ ఇన్‌స్పెక్షన్ తప్పించుకోలేదు కదా! నెలకోసారి ఒంటికీ అది పెట్టుకోండి. అరికాళ్లు మీరు చూసుకోండి, వీపు మీ ఇంటావిడను చూడమనండి. ఆమెది మీరు చూడండి.

జైహింద్.